పరాయి దేశపు వంటింట్లో మన వంట: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు కొద్ది నెలల కోసం పిల్లల దగ్గరికి ప్రయాణమవుతున్నవారివీ, ఇప్పటికే అక్కడికి చేరి కొత్త పొయ్యి ముందు ఆలోచనలో పడ్డవారివీ. ఒకే తీరు ప్రశ్నలను ఒకచోట కలిపి సమాధానమిస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి న్యూజెర్సీ వెళ్తున్నాను. సుమారు ఆరు నెలలు ఉంటాను. చేతికి అలవాటైన 750 వాట్ల మిక్సీ, టేబుల్‌టాప్ గ్రైండరు, ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు వెంట తీసుకువెళ్ళాలని ఉంది. ప్లగ్గుకు తగిలించే చిన్న అడాప్టరు ఒకటి కొనుక్కుంటే చాలునని మా మరిది అంటున్నాడు. అతని మాట నమ్మవచ్చునా?
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

సమాధానం: మీ మరిది మాట ఫోను ఛార్జరు, ల్యాప్‌టాప్ ఛార్జరు వరకు నిజమేనండి. వాటి మీద 100 నుంచి 240 వోల్టులు అని అచ్చు వేసి ఉంటుంది, అందువల్ల ఏ దేశంలోనైనా పనిచేస్తాయి. మిక్సీ, గ్రైండరు, కుక్కరు సంగతి వేరు. అడాప్టరు మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడి సన్నటి చీలికల సాకెట్టులో దూరేటట్లు చేస్తుందే తప్ప, కరెంటును ఏమాత్రం మార్చదు. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగిసలాడుతుంది. అమెరికా ఇళ్ళలో సాకెట్టుకు వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్.

వోల్టేజీ సగమైతే కుక్కరు కాస్త ఆలస్యంగా ఉడికిస్తుంది, అంతేకదా అని చాలామంది అనుకుంటారు. వేడి పుట్టించే పరికరంలో శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది గనుక, వోల్టేజీ సగానికి తగ్గితే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఇక్కడ 700 వాట్లతో నడిచే మీ కుక్కరుకు అక్కడ సుమారు 190 వాట్లు మాత్రమే అందుతాయి. ఆ వేడికి బియ్యం నాని ఉబ్బుతాయి గాని అన్నం కాదు. తిరుగు ప్రయాణంలో ఇంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు జరుగుతూ ఉంటుంది. అక్కడ ముచ్చటపడి కొన్న 120 వోల్టుల టోస్టరునో కాఫీ యంత్రాన్నో తెచ్చి మన సాకెట్టులో పెడితే, అది మూడున్నర రెట్లకు పైగా శక్తిని లాగి ఆ క్షణంలోనే కాలిపోతుంది.

వోల్టేజీని పెంచే ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కోవచ్చని ఎవరైనా సలహా ఇస్తారు. 750 వాట్ల మిక్సీ మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి దానికి కనీసం 1500 వాట్ల ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. అది కిలోల బరువుండే ఇనుప దిమ్మ. ఆరు నెలల కాపురానికి అంత తాపత్రయం అనవసరమని మా అభిప్రాయం. పైగా ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని మారుస్తుంది గాని హెర్ట్జ్‌ను మార్చలేదు. గ్రైండరులో సాధారణంగా ఉండే ఇండక్షన్ మోటారు వేగం హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది గనుక, అక్కడ రాళ్ళు ఇక్కడికన్నా అయిదో వంతు వేగంగా తిరిగి, పిండి వేడెక్కుతుంది.

కనుక మూడింటినీ ఇంట్లోనే ఉంచి వెళ్ళండి. అక్కడి వోల్టేజీకి తయారుచేసిన మన దక్షిణాది మిక్సీలు, గ్రైండర్లు అమెరికాలోని భారతీయ దుకాణాలలో దొరుకుతాయి. మీ అమ్మాయి దగ్గర మంచి బ్లెండరు ఉంటే అవి కూడా కొనవలసిన పని లేదు. నానిన పప్పును మంచు నీళ్ళు పోస్తూ, కొద్దికొద్దిగా, మధ్యలో ఆపి ఆపి తిప్పితే దోసెలకు సరిపోయే పిండి వస్తుంది. మినప్పిండి గ్రైండరులో పొంగినట్లు మాత్రం పొంగదు, ఆ సంగతి ముందే చెబుతున్నాము.

వెళ్ళాక గమనించవలసినవి మరికొన్ని ఉన్నాయి. అక్కడి గోడ సాకెట్టుకు పక్కన స్విచ్ ఉండదు. ప్లగ్గు పెట్టారంటే కరెంటు వచ్చినట్టే, కనుక తడి చేతితో ముట్టుకోవద్దు. దీపాల స్విచ్‌లు పైకి నొక్కితే వెలుగుతాయి, కిందికి నొక్కితే ఆరిపోతాయి, మన ఇంటికి పూర్తిగా తలకిందులు. వంటింటి సింకు దగ్గరి సాకెట్టు మధ్యలో రెండు చిన్న మీటలు కనిపిస్తాయి. కరెంటు కొంచెం లీకయినా ఆ సాకెట్టు తనంతట తానే ఆగిపోతుంది. అప్పుడు మిక్సీ పాడైందని కంగారుపడకుండా, తడి తుడిచి, రీసెట్ అని రాసి ఉన్న మీటను గట్టిగా నొక్కితే చాలు.

ప్రశ్న: సీతమ్మధారలోని మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌లో) కేకులు చేస్తున్నాను, ఏనాడూ చెడలేదు. ఇప్పుడు టెక్సాస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. మనవడి పుట్టినరోజుకని అదే కొలతలతో పిండి కలిపి, ఓవెన్‌ను ఎప్పటిలాగే 180 దగ్గర పెట్టాను. గంటన్నర దాటినా పిండి పిండిగానే ఉంది. ఓవెన్ చెడిపోయిందేమోనంటే మా కోడలు నవ్వుతోంది గాని కారణం చెప్పడం లేదు.
— ఒక పాఠకురాలు, ప్రస్తుతం హ్యూస్టన్

సమాధానం: ఓవెన్ నిక్షేపంగా ఉందండి. దాని మీద ఉన్న అంకెలు ఫారన్‌హీట్ డిగ్రీలు. మీరు పెట్టిన 180 మన లెక్కలో 82 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. ఆ వేడికి కేకు కాలదు, ఎండుతుంది. మీ 180 డిగ్రీల సెల్సియస్‌కు అక్కడ 350 పెట్టాలి. బిస్కట్లకు వాడే 160కి దాదాపు 325, రొట్టెలకు వాడే 200కు దాదాపు 400, పిజ్జాకు 220 అయితే 425. ఈ నాలుగు అంకెలనూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకుంటే కోడలి నవ్వు నుంచి మీకు విముక్తి.

అంకె సరిచేసినంత మాత్రాన మొదటి కేకే ఓటీజీ కేకులా వస్తుందని చెప్పలేము. ఓటీజీ చిన్న పెట్టె, తీగలు గిన్నెకు దగ్గరగా ఉంటాయి, తలుపు తెరిస్తే వేడి పోయినా త్వరగా పుంజుకుంటుంది. అక్కడి ఓవెన్ పెద్ద గది లాంటిది. వేడెక్కిందని గంట మోగిన తరువాత కూడా గోడలు పూర్తిగా వేడెక్కడానికి పది, పదిహేను నిమిషాలు పట్టవచ్చు. గంట మోగగానే కేకు లోపల పెట్టేవారికే అడుగు మాడి పైభాగం పచ్చిగా ఉందన్న ఫిర్యాదు ఎక్కువ. గిన్నెను మధ్య అరలో, గోడలకు తగలకుండా పెట్టండి. అద్దె ఇళ్ళ పాత ఓవెన్లలో తెర మీద 350 అని ఉన్నా లోపల అంతకు ఇరవై, ముప్ఫై డిగ్రీలు అటూ ఇటూ ఉండడం సాధారణం. కొద్ది డాలర్లకు దొరికే ఓవెన్ థర్మామీటరును అర మీద వేలాడదీస్తే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ మీరు కొనవలసిన వస్తువు ఒక్కటే అయితే, మా ఓటు దానికే.

ఓవెన్ మీటలలో బేక్ అన్నదే మీకు కావలసినది. కన్వెక్షన్ అని ఉంటే లోపల ఫ్యాను తిరుగుతుంది, అప్పుడు చెప్పిన వేడికన్నా 25 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గించాలి. బ్రాయిల్ నొక్కితే పై తీగ ఒక్కటే ఎర్రగా కాలుతుంది, కేకు పైభాగం నిమిషాలలో బొగ్గవుతుంది. సెల్ఫ్ క్లీన్ అనే మీట జోలికి వెళ్ళవద్దు. అది లోపలి వేడిని 480 డిగ్రీల సెల్సియస్ దాకా పెంచి, మురికిని బూడిద చేసే ఏర్పాటు. తలుపు కొన్ని గంటల పాటు తాళం పడిపోతుంది, ఇల్లంతా పొగ కమ్ముకోవచ్చు. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, అక్కడ చోటు చాలక పిల్లలు పెనాలు, ప్లాస్టిక్ మూతలు ఓవెన్‌లోనే దాస్తూ ఉంటారు. వేడిచేసే ముందు ప్రతిసారీ తలుపు తీసి చూడండి.

ఇక కొలతలు. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. మన ఇళ్ళలో కప్పు అంటే కాఫీ కప్పు నుంచి పప్పు కొలిచే గ్లాసు దాకా ఏదైనా కావచ్చు. కప్పు సరిపోయినా మైదా సరిపోదు. సంచిలో కప్పు ముంచి తీస్తే 150 గ్రాముల దాకా పడుతుంది, చెంచాతో వదులుగా నింపి పైన చదును చేస్తే 120, 125 గ్రాములు పడుతుంది. రెండు కప్పుల కేకులో ఆ తేడా 50 గ్రాములు దాటి, కేకు గట్టిపడుతుంది. కాబట్టి డిజిటల్ తూకం ఉంటే దాన్నే నమ్మండి. వెన్న అక్కడ కర్రల్లా చుట్టి వస్తుంది. ఒక్కొక్కటి 113 గ్రాములు, అంటే అర కప్పు. కాగితం మీద చెంచాల గీతలు ఉంటాయి, గీత దగ్గర కోస్తే సరి. ఉప్పు లేని వెన్న అని చూసి కొనండి, లేదా వంటకంలో ఉప్పు మానేయండి.

మైదాకు బదులు ఆల్ పర్పస్ ఫ్లోర్ తీసుకోవచ్చు. పక్కనే సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ అని అచ్చం అలాంటి సంచే ఉంటుంది, అందులో బేకింగ్ పౌడరు, ఉప్పు ముందే కలిపి ఉంటాయి. దానిలో మీరు మళ్ళీ బేకింగ్ పౌడరు వేస్తే కేకు పొంగి పొర్లి, తరువాత కుంగుతుంది. అక్కడి పంచదార మన పలుకుల పంచదారకన్నా సన్నగా ఉంటుంది గనుక పొడి చేయనవసరం లేదు. మిక్సీ పట్టిన పంచదారకు బదులుగా పౌడర్డ్ షుగర్ వాడితే అందులో మొక్కజొన్న పిండి కలిసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. అక్కడి లార్జ్ గుడ్డు పెంకు తీశాక 50 గ్రాములుంటుంది. మన గుడ్లు తరచు అంతకన్నా చిన్నవి గనుక, మీరు ఇక్కడ నాలుగు వేసేచోట అక్కడ మూడు వేసి చూడండి. గుడ్డు లేకుండా కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసేవారికి 14 ఔన్సుల డబ్బా మన 400 గ్రాముల డబ్బాతో ఇంచుమించు సమానం. అయితే దాని పక్కనే ఉండే ఎవాపొరేటెడ్ మిల్క్‌లో పంచదార ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి డెన్వర్‌లో ఉంటాడు. అక్కడ నా కేకు ఓవెన్‌లో బాగా పొంగి, బయటికి తీసేలోగా మధ్యలో గుంటపడుతోంది. కందిపప్పు కూడా సరిగా ఉడకడం లేదు. ఫారన్‌హీట్ లెక్కలు, తూకం అన్నీ సరిచూసుకున్నాను.
— ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: మీరు సముద్రమట్టం నుంచి వెళ్ళి 5,280 అడుగుల ఎత్తున వంట చేస్తున్నారు. కొండ మీదికి వెళ్ళినకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. డెన్వర్‌లో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాక 95 దగ్గరే మరుగుతాయి. మంట పెంచినా నీటి వేడి పెరగదు కాబట్టి, మూత గిన్నెలో పప్పు చాలాసేపు గింజ గింజగానే ఉంటుంది. పప్పును ముందు నానబెట్టి ప్రెషర్ కుక్కరులో పెట్టండి. కుక్కరులో కూడా ఇక్కడికన్నా కొద్దిగా తక్కువ వేడే వస్తుంది కనుక, మన ఇంట్లోకన్నా ఒకటి రెండు విజిళ్ళు ఎక్కువ రానివ్వాలి.

కేకు కుంగడానికి కూడా కారణం ఆ పీడనమే. బేకింగ్ పౌడరు విడుదల చేసే గాలి బుడగలకు అడ్డు తక్కువగా ఉండడం వల్ల అవి త్వరగా, ఎక్కువగా ఉబ్బుతాయి. చుట్టూ పిండి గట్టిపడే లోపే పగిలిపోతాయి. అదే సమయంలో తడి కూడా త్వరగా ఆవిరైపోయి పిండిలో పంచదార వంతు పెరుగుతుంది, పంచదార ఎక్కువైన పిండి ఆలస్యంగా గట్టిపడుతుంది. అందువల్ల ఆ ఎత్తులో బేకింగ్ పౌడరు చెంచాకు పావు చెంచా దాకా తగ్గించండి. కప్పు పంచదారలో ఒకటి రెండు పెద్ద చెంచాలు తీసేయండి. పాలో నీళ్ళో కప్పుకు రెండు నుంచి నాలుగు పెద్ద చెంచాలు ఎక్కువ పోయండి. ఓవెన్‌ను 15 నుంచి 25 డిగ్రీల ఫారన్‌హీట్ పెంచి, నాలుగైదు నిమిషాల ముందే పుల్ల గుచ్చి చూడండి. అన్నీ ఒకేసారి మార్చవద్దు. మొదట బేకింగ్ పౌడరు తగ్గించి ఫలితం చూసి, తరువాత తక్కినవి మార్చితే ఏది పనిచేసిందో తెలుస్తుంది.

ఈ సవరణలు సుమారు మూడు వేల అడుగుల నుంచి అవసరమవుతాయి. మన అరకు లోయ కూడా దాదాపు ఆ ఎత్తునే ఉంది. అక్కడ అద్దె గదుల్లో అన్నం పలుకు మిగిలిపోయిందని వాపోయే విశాఖ యాత్రికులకు కూడా ఈ సమాధానంలో కొంత వర్తిస్తుంది.

ప్రశ్న: పదవీ విరమణ తరువాత వంట నేనే చేస్తున్నాను. అట్లాంటాలో మా అమ్మాయి అపార్టుమెంటులో పోపు వేసినప్పుడల్లా పొగ అలారం మోగుతోంది. బ్యాటరీ తీసేయవచ్చునా?
— ఒక పాఠకుడు, ద్వారకానగర్

సమాధానం: తీయవద్దండి. అది ప్రాణరక్షణకు పెట్టినది, తీసినట్లు తెలిస్తే అద్దె ఒప్పందం పరంగా మీ అమ్మాయికి ఇబ్బంది. పొయ్యి పైని ఫ్యాను పొగను బయటికి పంపుతుందో, వడగట్టి తిరిగి వంటింట్లోకే వదులుతుందో చూడండి. చాలా అపార్టుమెంట్లలో రెండో రకమే ఉంటుంది, అప్పుడు కిటికీ తీసి పోపు వేయడం తప్పదు. పైన గాజు పలక ఉండే అక్కడి కరెంటు పొయ్యి మీద నూనెను హైలో కాచే అలవాటు మానండి. మధ్యస్థం మీద ఆవాలు చిటపటలాడగానే గిన్నెను పక్కకు జరిపి, ఎండుమిర్చి, ఇంగువ ఆ మిగులు వేడికి వేయించండి. పొయ్యి కట్టేసినా గాజు కింది వేడి నిమిషాల తరబడి ఉంటుంది కనుక, కుక్కరును విజిల్ రాగానే చల్లటి చోటికి మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, పాకం గాజు మీద పొంగిపడితే చల్లారేదాకా ఆగకూడదు. చల్లారుతూ గట్టిపడే పంచదార గాజు పైపొరను పెచ్చులుగా లేపుతుంది. చేతికి మందపాటి తొడుగు వేసుకుని, వేడిగా ఉండగానే బ్లేడు గరిటెతో గీకేయాలి. అరిసెలు చేసే ఉద్దేశం ఉంటే ఈ ఒక్క మాట మరవకండి.

ప్రశ్న: మా వారికి ఏడాది పాటు జర్మనీలో ఉద్యోగం. నేను మిక్సీ తీసుకువెళ్ళవచ్చునా? అక్కడి పిండి సంచుల మీద అంకెలేమిటో, ఓవెన్ మీద బొమ్మలేమిటో తెలియక బ్రెడ్డు చేయాలన్న సరదా వాయిదా పడేలా ఉంది. ఇడ్లీ పిండి పులుస్తుందా?
— ఒక పాఠకురాలు, మధురవాడ

సమాధానం: మీకు అమెరికా కష్టాలు లేవు. జర్మనీలోనూ 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి మీ మిక్సీ నిశ్చింతగా నడుస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గుకు అడాప్టరు కొనేటప్పుడు మాత్రం ఎర్త్ కలిసే రకమే తీసుకోండి, చౌకరకాలలో ఎర్త్ ఉండదు. ఆదివారం మిక్సీ వేయవద్దు. అక్కడ ఆదివారాలు, రాత్రి పది తరువాత నిశ్శబ్దం పాటించాలన్న నియమం గట్టిది, కొబ్బరి పచ్చడి శనివారం సాయంత్రమే రుబ్బి పెట్టుకోవాలి.

పిండి సంచి మీది 405, 550, 1050 అనే అంకెలు, 100 గ్రాముల పిండిని కాల్చితే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో చెబుతాయి. పొట్టు ఎక్కువైనకొద్దీ అంకె పెరుగుతుంది. కేకుకు 405, బ్రెడ్డుకు 550 వాడండి. చపాతీలకు భారతీయ దుకాణంలోని ఆటా కొనుక్కోవడమే మేలు. బేకింగ్ పౌడరు చిన్న పొట్లాలలో వస్తుంది, ఒక పొట్లం అరకిలో పిండికి. ఎండు ఈస్టు 7 గ్రాముల పొట్లం కూడా అరకిలోకే, ఫ్రిజ్ అరలో ఉండే 42 గ్రాముల తాజా ఈస్టు దిమ్మ కిలోకు. విశాఖ వేసవిలో గంటకే రెట్టింపయ్యే ముద్ద, 20 డిగ్రీల గదిలో రెండు గంటలైనా తీసుకుంటుంది. గడియారాన్ని కాక ముద్దను చూసి నిర్ణయించండి. శీతాకాలంలో హీటర్ల వల్ల గాలి పొడిగా ఉండి పైన తోలు కడుతుంది, మన సముద్రపు గాలిలో ఆ బాధ ఉండదు. తడి గుడ్డ కప్పి ఉంచండి.

ఓవెన్ మీద పైన ఒక గీత, కింద ఒక గీత ఉన్న బొమ్మ మామూలు వేడికి, కేకుకూ బ్రెడ్డుకూ అదే. ఫ్యాను బొమ్మ ఉన్నచోట 20 డిగ్రీలు తగ్గించాలి, అంటే 180కి 160. దీపం బొమ్మ దగ్గర తిప్పితే లోపలి దీపం మాత్రం వెలుగుతుంది, వేడి పెట్టదు. మీ ఇడ్లీ పిండికి కావలసిన చోటు అదే. ఆ దీపపు వెచ్చదనానికి మూసిన ఓవెన్ గదికన్నా బాగా వెచ్చబడుతుంది. పిండిని సగానికి మించి నింపని గిన్నెలో పోసి రాత్రంతా ఉంచండి. లోపల పిండి ఉందని ఒక చీటీ రాసి తిప్పే మీటకే అంటించండి, లేకపోతే పొద్దున్నే మీ వారు పిజ్జా కోసం ఓవెన్ వెలిగించే ప్రమాదం ఉంది.

చాలా జర్మన్ ఊళ్ళలో నీరు గట్టిది, అంటే అందులో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున కొద్ది వారాలకే తెల్లటి పొర కడుతుంది. ఒక చెంచా నిమ్మ ఉప్పు చల్లటి నీళ్ళలో కలిపి పోసి, అరగంట ఉంచి కడిగితే పోతుంది. ఇంటి తాళాలు అప్పగించే రోజున ఓవెన్‌లోని మురికినీ, కెటిల్, సింకు కొళాయి మీది ఆ పొరనూ యజమానులు ప్రత్యేకంగా చూస్తారు, అడ్వాన్సు తిరిగి రావాలంటే అంతకు వారం ముందే ఆ పని పెట్టుకోండి.